లేని 36 కోర్లకు పైసలెందుకు: నల్లగొండ హాస్పిటల్‌లో హెచ్‌సీఐ లైసెన్స్ లెక్క

క్లాక్ టవర్‌కు కొంచెం అవతల 120 పడకల ప్రైవేటు హాస్పిటల్ ఒకటుంది, పేరు వద్దు. 2020లో అక్కడ మూడు సర్వర్లతో హెచ్‌సీఐ పెట్టారు. పెట్టింది నేను కాదు, 2022 నుంచి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) మాత్రం నాదే. 2025 జూన్‌లో ఐదేళ్ల సపోర్ట్ అయిపోతోందని రీసెల్లర్ దగ్గర రిన్యూవల్ కొటేషన్ తెప్పించుకున్నారు. మర్నాడు పొద్దున్నే డాక్టర్ గారు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న వేశారు. "తమ్మీ, ఈ కాగితంల 96 అని ఉన్నది. మన దగ్గర 96 ఏమున్నయి?"

సాయంత్రం వెళ్లి చూశాను. అకౌంట్స్ గదిలో టేబుల్ మీద కొటేషన్, 96 చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు సున్నాలు. కింద రూపాయల అంకె కూడా ఉంది కానీ అది ఇక్కడ రాయను, ఎందుకంటే డిస్కౌంట్ ఒక్కో డీల్‌కు ఒక్కోలా ఉంటుంది, మీకొచ్చే అంకెతో దానికి పోలిక ఉండదు. 96 అనేది కోర్ల సంఖ్య, అంటే సీపీయూ లోపల పనిచేసే భాగాలు, దానికి మాత్రం డిస్కౌంట్ లేదు. నేను ఏ కొటేషన్ చూసినా ముందు చివరి అంకె మీద చెయ్యి పెట్టి మూసేసి కోర్లు, టీబీలు లెక్కపెట్టుకుంటాను. ఈ కేసు మొత్తం ఆ అలవాటు గురించే అనుకోండి.

హెచ్‌సీఐ (హైపర్ కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్) గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. స్టోరేజ్ బాక్స్ విడిగా ఉండదు, సర్వర్లలో ఉన్న డిస్కులనే సాఫ్ట్‌వేర్ కలిపి ఒకే స్టోరేజ్‌లా చూపిస్తుంది, ఒక సర్వర్ పోయినా మిగతా వాటి మీద వీఎంలు (సర్వర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్లు) లేస్తాయి. బాక్స్ ఖర్చు తగ్గుతుంది, ఆ ఖర్చు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

ఇక ఆ 96 సంగతి. ఒక్కో సర్వర్‌లో రెండు సీపీయూలు, ఒక్కోదానిలో 10 కోర్లు. మూడు సర్వర్లకు కలిపి 60 కోర్లు. 2020లో కొన్నప్పుడు అందులో వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ లైసెన్స్ సీపీయూ లెక్కన ఉండేది, 32 కోర్ల దాకా ఒక్క లైసెన్స్ సరిపోయేది, కాబట్టి ఆరు సీపీయూలకు ఆరు లైసెన్సులు. 10 కోర్లున్నా 30 ఉన్నా తేడా లేదు. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ వీఎంవేర్ కొనుగోలు పూర్తి చేసింది, ఆ డిసెంబర్‌లోనే పర్పెచువల్ (ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండే) లైసెన్సుల అమ్మకం, వాటికి సపోర్ట్ రిన్యూ చేయడం ఆపి అంతా సబ్‌స్క్రిప్షన్‌కు మార్చింది. ఇప్పుడు లెక్క కోర్‌కు, అందులోనూ సీపీయూకు కనీసం 16 కోర్లు కట్టాలి. ఆరు సీపీయూలు, పదహార్లు 96. అంటే ఇనుములో లేని 36 కోర్లకు ఏటా కిరాయి. ఇది చెప్తే డాక్టర్ గారు నవ్వారు. "లేని పేషెంట్‌కు బెడ్ చార్జి ఏసినట్టున్నది" అన్నారు. రూల్ రూలే, అందరికీ ఒకటే, కానీ 2020లో ఆ పది కోర్ల సీపీయూలు రెండేసి ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బహుశా మెమరీ స్లాట్ల కోసం. ఒకటే సీపీయూ పెడితే సగం స్లాట్లు పనిచేయవు మరి.

కొటేషన్‌లో ఇంకో మెలిక ఉంది. రీసెల్లర్ వేసింది అన్నింటికన్నా పెద్ద బండిల్, వీసీఎఫ్. అందులో నెట్‌వర్క్ ఆటోమేషన్ లాంటి, మా ఐటీ ఇన్‌చార్జ్ తమ్ముడు జన్మలో తెరవని సరుకు చాలా ఉంది. ఎందుకు వేశావయ్యా అంటే "స్టోరేజ్ సరిపోవాలి కదా సార్" అన్నాడు. ఆ మాటలో సగం నిజముంది. వీసీఎఫ్‌తో కోర్‌కు ఒక టీఐబీ (1024 లెక్కన టీబీ) వీశాన్ (వీఎంవేర్ వాళ్ల హెచ్‌సీఐ స్టోరేజ్) కెపాసిటీ వస్తుంది, దాని కింది బండిల్ వీవీఎఫ్‌తో 2024 నవంబర్ నుంచి కోర్‌కు 0.25 వస్తుంది. మా దగ్గర సర్వర్‌కు నాలుగు చొప్పున 3.84 టీబీ ఎస్‌ఎస్‌డీలు పన్నెండు ఉన్నాయి. డిస్క్ మీద 3.84 అని ఉన్నా 1024 లెక్కన చూస్తే 3.49 టీఐబీ, పన్నెండుకు 42కు కాస్త తక్కువ. వీవీఎఫ్ తీసుకుంటే 96 కోర్లకు 24 వస్తుంది, ఇంకో 18 విడిగా కొనాలి. ఇక్కడ చాలామంది తప్పులో కాలేసేది ఒకటుంది. లెక్క వేసేది మీరు వాడే జాగాకు కాదు, డిస్కుల మొత్తం సైజుకు. మిర్రర్ (డేటాకు రెండు కాపీలు) పెట్టుకున్నారు కాబట్టి 1 టీబీ డేటాకు 2 టీబీ డిస్క్ పోతుంది, లైసెన్స్ కూడా ఆ రెంటికీ.

సరే, ఆ డిస్కుల్లో ఏముందో చూద్దాం అని కూర్చున్నాం. మొత్తం 12 టీబీ వాడకం. ప్యాక్స్, అంటే ఎక్స్‌రే, సీటీ బొమ్మలు 6 టీబీ. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్, ల్యాబ్, ఫార్మసీ, ట్యాలీ, డొమైన్ కంట్రోలర్లు అన్నీ కలిపి మూడున్నర. మిగిలిన రెండున్నర టీబీ ఏంటని వెతికితే సీసీటీవీ! 2023లో ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) పాడైతే, కొత్తది వచ్చేదాకా అని ఒక వీఎం చేసి రికార్డింగ్ దానిలోకి మళ్లించారట, కొత్తది రానే లేదు. బైక్ పార్కింగ్‌లో కుక్కలు తిరిగే వీడియో ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీ మీద, అదీ రెండు కాపీలు. నేను మూడేళ్లుగా ఏఎంసీ చూస్తూ అది గమనించలేదు, అది నా తప్పే, డాక్టర్ గారి ముందు ఒప్పుకున్నాను.

ఆ వారమే ఎన్‌వీఆర్ కొని సీసీటీవీ బయట పడేశాం. ప్యాక్స్‌లో ఆరు నెలలు దాటిన బొమ్మలు మామూలు నాస్ (నెట్‌వర్క్ మీద పెట్టే స్టోరేజ్ బాక్స్) లోకి, బ్యాకప్ ఇంకో చోట. పాత సీటీ తెరవడానికి రెండు సెకన్లు ఎక్కువ పడితే రేడియాలజిస్టుకు పోయేదేమీ లేదు, అడిగే చేశాం. 12 టీబీ కాస్తా నాలుగున్నరకు దిగింది. కొత్త లైసెన్స్ ఒక్కటీ కొనకముందే సగం పని అయిపోయింది.

తర్వాత సర్వర్లు. ఐదేళ్ల వారంటీ ఎలాగూ అయిపోతోంది, వీఎంవేర్ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) వీస్పియర్ 7 సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 2తో ఆఖరు. పర్పెచువల్ లైసెన్స్ చచ్చిపోదు, సపోర్ట్ లేకుండా నడుపుకోవచ్చు, కొందరు నడుపుతున్నారు కూడా. కానీ బిల్లింగ్, ఆరోగ్యశ్రీ క్లెయిములు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ దాని మీదే ఉన్నప్పుడు సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని హైపర్‌వైజర్ మీద పడుకుని నిద్రపోవడం నా వల్ల కాదు. అందుకని కొత్త సర్వర్లు మూడు, ఒక్కోదానిలో ఒకే సీపీయూ, 16 కోర్లు అనుకున్నాం. మొత్తం 48. పాతదాని వాడకం రెండు వారాలు చూశాం, పీక్‌లో కూడా సీపీయూ 30 శాతం దాటలేదు. కొత్త తరం 16 కోర్లు పాత 20 కోర్లకు తీసిపోవు.

ఇప్పుడు దారులు. వీఎంవేర్‌లోనే ఉంటే 96 కాస్తా 48 అవుతుంది, అంటే కొత్త ఇనుము కొనడం వల్లే సబ్‌స్క్రిప్షన్ సగానికి పడిపోతుంది. ఇది మంచి దారే, కానీ ప్రతి మూడేళ్లకో ఏడాదికో మళ్లీ కొటేషన్, మళ్లీ టెన్షన్. న్యూటానిక్స్ అనే ఇంకో కంపెనీ హెచ్‌సీఐ కూడా చూశాం. దాని ఏహెచ్‌వీ హైపర్‌వైజర్‌కు విడిగా పైసలుండవు, మామూలుగా కోర్ లెక్క, చిన్న చోట్లకు ఎడ్జ్ అని వీఎం లెక్కన ఇచ్చే లైసెన్స్ కూడా ఉంది. క్లస్టర్‌కు 25 వీఎంల దాకా, వీఎంకు 96 జీబీ మెమరీ దాకా. మావి 14 వీఎంలు, అతికినట్టు సరిపోతుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఒక మందుల యూనిట్‌కు పనిచేసినప్పుడు నేనే సబ్‌స్క్రిప్షన్ కట్టమని చెప్పాను, ఎందుకంటే అక్కడ ఆడిటర్ వచ్చి సపోర్ట్ కాంట్రాక్ట్ కాగితం అడుగుతాడు, ఉత్పత్తి ఒక షిఫ్ట్ ఆగితే పోయేది లైసెన్స్ కన్నా ఎక్కువ. హాస్పిటల్ యజమాని మాత్రం ఏటేటా డాలర్ చూసి కట్టే పద్ధతి వద్దని మొదటి రోజే చెప్పేశారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల అజ్యూర్ లోకల్ (2024 నవంబర్ దాకా దాని పేరు అజ్యూర్ స్టాక్ హెచ్‌సీఐ) ఇందుకే మొదటి రౌండ్‌లోనే పోయింది. కోర్‌కు నెలకు 10 డాలర్లు, ఉన్న కోర్లకే లెక్క, అది న్యాయమే, కానీ 48 కోర్లకు ఏడాదికి 5,760, ఐదేళ్లకు 28,800 డాలర్లు, అదీ లోపల నడిచే విండోస్ లైసెన్సులు కాకుండా.

ఆ విండోస్ మాటే అసలు కేసు అయింది. పాత సర్వర్లతో పాటు విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఓఈఎం (సర్వర్‌తో కలిపి అమ్మే) లైసెన్సులు వచ్చాయి, సర్వర్‌కు ఒక సెట్. స్టాండర్డ్ ఒక సెట్‌తో రెండు వీఎంలే. మూడు సర్వర్లకు ఆరు. నడుస్తున్న విండోస్ వీఎంలు తొమ్మిది. ఐదేళ్లుగా ఎవరూ లెక్కపెట్టలేదు. పైగా ఓఈఎం లైసెన్స్ ఆ సర్వర్‌తోనే పుట్టి దానితోనే పోతుంది, కొత్త సర్వర్‌కు మార్చుకోవడం కుదరదు. అంటే ఏ హైపర్‌వైజర్ తీసుకున్నా విండోస్ మళ్లీ మొత్తం కొనాల్సిందే. ఏ రీసెల్లర్ పోలిక పట్టికలోనూ ఈ లైను లేదు, ఎవరి సరుకు వాళ్లు చవకగా చూపించుకున్నారు.

లెక్క వేశాం. విండోస్ సర్వర్ 2025 లిస్ట్ ధర 16 కోర్లకు స్టాండర్డ్ 1,176 డాలర్లు, డేటాసెంటర్ 6,771. తొమ్మిది వీఎంలు, ఒక సర్వర్ పడిపోతే రెండింటి మీద ఐదు, నాలుగు చొప్పున సర్దుకోవాలి, కాబట్టి ప్రతి సర్వర్‌కు ఆరు వీఎంల హక్కు ఉండాలి, అంటే మూడు సెట్లు. మూడు సర్వర్లకు తొమ్మిది సెట్లు, 10,584 డాలర్లు. ఇది లైసెన్స్ సర్వర్‌కు అతుక్కుని ఉంటుంది, వీఎంతో పాటు నడిచిరాదు అన్న సంగతి గుర్తుంచుకుంటేనే వచ్చే లెక్క, చాలామంది తొమ్మిది వీఎంలకు ఐదు సెట్లు చాలనుకుంటారు. డేటాసెంటర్ అయితే మూడింటికి 20,313. వీఎంలు ఎన్నైనా పెట్టుకోవచ్చు, పైగా స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల హెచ్‌సీఐ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) దానిలోనే ఉంటుంది, స్టాండర్డ్‌లో ఉండదు. అంటే హెచ్‌సీఐ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌కు మేం నిజంగా పెట్టేది ఆ రెండింటి తేడా, 9,729 డాలర్లు, ఒకేసారి.

ఇక్కడ ఐటీ తమ్ముడు అడ్డం పడ్డాడు. "అన్నా, ప్రాక్స్‌మాక్స్ ఫ్రీ కదా, అందరూ దానికే పోతున్నరు." ప్రాక్స్‌మాక్స్ అంటే ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్. న్యాయమైన ప్రశ్న, నా సొంత ఆఫీసులో నడిచేది అదే. సాఫ్ట్‌వేర్ ఫ్రీయే, సపోర్ట్ సబ్‌స్క్రిప్షన్ సీపీయూ సాకెట్ లెక్కన, కోర్లతో సంబంధం లేదు. 2025 ధరల్లో బేసిక్ ఏడాదికి 355 యూరోలు, స్టాండర్డ్ 530. బేసిక్‌తో ఏడాదికి మూడు టికెట్లే, స్టాండర్డ్‌తో పది. హాస్పిటల్‌కు సపోర్ట్ లేకుండా పెట్టను కాబట్టి స్టాండర్డ్ అనుకుంటే మూడు సాకెట్లకు ఏడాదికి 1,590, ఐదేళ్లకు 7,950 యూరోలు. డాలర్లలోకి మార్చితే తొమ్మిది వేల పైచిలుకు. పైన తేడా ఎంత వచ్చింది? 9,729. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. విండోస్ ఎలాగూ కొనాల్సిన చోట, సపోర్ట్ కట్టే పద్ధతిలో, ఫ్రీ దారికీ పెయిడ్ దారికీ ఐదేళ్లలో తేడా పెద్దగా లేదు. లినక్స్ వీఎంలే ఎక్కువుంటే కథ పూర్తిగా వేరు, అప్పుడు ప్రాక్స్‌మాక్స్ పక్కన ఇంకేదీ నిలవదు.

ఇక మిగిలింది రాత్రి రెండింటికి ఎవరు చూస్తారన్నది. ప్రాక్స్‌మాక్స్ సపోర్ట్ ఆస్ట్రియా ఆఫీసు వేళల్లో, మనకు రాత్రి రెండంటే వాళ్లూ నిద్రలోనే. ప్రాక్స్‌మాక్స్‌లో స్టోరేజ్ చూసే సెఫ్‌లో తేడా వస్తే కమాండ్ లైన్‌లో కూర్చుని సరిచేసే మనిషి నల్లగొండలో నాకు తెలిసి నేను, ఇంకో ఇద్దరు. హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే వంద కిలోమీటర్లు, చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్ దయ మీద. తమ్ముడికి విండోస్, ఫెయిలోవర్ క్లస్టర్ చేతిలో పని. విండోస్ సర్వర్ డేటాసెంటర్‌కే ఓటు పడింది. 2034 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అన్నేళ్లు ఈ సర్వర్లే ఉండవు.

జీఎస్టీ దగ్గర అకౌంట్స్ అన్న ఇంకో మాట గుర్తు చేశాడు. సర్వర్ మీదా సాఫ్ట్‌వేర్ మీదా 18 శాతం. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత సర్దుకునే వీలు) రాదు, ఆ 18 శాతం హాస్పిటల్ జేబులోంచే. మా లెక్కలో డాలర్ 88 రూపాయలు. 20,313 డాలర్లు దాదాపు 17.9 లక్షలు, జీఎస్టీతో 21.1 లక్షలు. హాస్పిటల్స్‌కు కొటేషన్ ఇచ్చేవాళ్లు "ట్యాక్స్ ఎక్స్‌ట్రా" అని కింద చిన్నగా రాస్తారు చూడండి, అది చిన్నది కాదు. కొన్నది కాబట్టి 40 శాతం తరుగుదల వస్తుంది, సబ్‌స్క్రిప్షన్ అయితే ఆ ఏడాదే ఖర్చులో రాసుకోవచ్చు, ఆ తేడా తనకు పెద్ద విషయం కాదన్నాడు.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా కోర్ లెక్కే. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ వాళ్లు డేటాబేస్ వీఎంకు 12 వీసీపీయూలు (వీఎంకు కేటాయించే కోర్లు) అడిగి పెట్టించుకున్నారు. వాడకం చూస్తే మూడు కూడా నిండడం లేదు. వీఎంకు కనీసం నాలుగు కోర్లకు కట్టాలి, కాబట్టి నాలుగుకు దించాం. రెండు కోర్ల ప్యాక్‌లు ఆరు బదులు రెండు. బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరికీ తేడా తెలియలేదు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పలేదు కూడా, అడిగితే చెప్దాంలే అనుకున్నాం.

ఇక పెట్టేటప్పుడు జరిగిన తప్పు, ఇదీ నాదే. పర్చేజ్ ఆర్డర్‌లో కంట్రోలర్ గురించి రాయలేదు. స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌కు డిస్కులు నేరుగా కనిపించాలి, హెచ్‌బీఏ (డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపించే కార్డ్) కావాలి, డిస్కులను కలిపి ఒకటిగా చూపించే రెయిడ్ కార్డ్ మీద సపోర్ట్ ఉండదు. సర్వర్లు అలవాటు ప్రకారం రెయిడ్ కార్డులతో వచ్చాయి. మెట్ల కింద గదిలో డబ్బా విప్పి కార్డ్ మీద పేరు చదివినప్పుడు నా మొహం ఎలా ఉందో తమ్ముడు ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. మార్చి పంపడానికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ సపోర్ట్ లేని పాత సర్వర్ల మీదే నడిపాం, రోజూ బ్యాకప్ చూసుకుంటూ.

పైసలు మిగిలిన చోటు కూడా ఒకటి చెప్పాలి. కొటేషన్‌లో రెండు 25జీ నెట్‌వర్క్ స్విచ్‌లు ఉన్నాయి. మూడు నోడ్‌లే (సర్వర్లే) కాబట్టి వాటిని ఒకదానికొకటి నేరుగా కేబుళ్లతో కలిపేశాం, స్టోరేజ్ ట్రాఫిక్‌కు స్విచ్ అక్కర్లేదు, రెండు లైన్లు ఉండాలని ఆరు డీఏసీ కేబుళ్లు. నాలుగో నోడ్ వస్తే అప్పుడు స్విచ్ కొనాలి, అది రాసి పెట్టుకున్నాం. మూడు కాపీల మిర్రర్‌లో 46 టీబీ డిస్కుకు వాడుకోడానికి వచ్చేది 15, రిపేర్ కోసం సర్వర్‌కు ఒక డిస్క్ జాగా ఖాళీగా వదిలితే పదకొండున్నర. నాలుగున్నర డేటాకు అది ఐదేళ్లు వస్తుంది, మళ్లీ ఎవరూ సీసీటీవీ ఎక్కించకపోతే. ఒక ఎస్‌ఎస్‌డీ ఎక్కువ కొని అకౌంట్స్ బీరువాలో పెట్టించాను. పాత సర్వర్లలో ఒకటి ఇప్పుడు బ్యాకప్‌కు పనిచేస్తోంది.

మొన్న డాక్టర్ గారి బామ్మర్ది మిర్యాలగూడ నుంచి ఫోన్ చేశారు, రైస్ మిల్లు వాళ్లది, వాళ్లకూ ఎవరో మూడు నోడ్‌ల హెచ్‌సీఐ కొటేషన్ ఇచ్చారట. అది చూడకముందే మీరు అమ్మేది 25 కిలోల బస్తాలా 26 కిలోల బస్తాలా అని అడిగాను. 25 కిలోల దాకా లేబుల్ వేసిన బియ్యానికి 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, అక్కడ ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది, 26 కిలోలకు మార్చుకున్నవాళ్లకు ఆ దారి లేదు. ఆయన నవ్వి, "అన్నీ ఇరవై ఆర్లే బావా" అన్నారు. ఉన్నవి ఐదు వీఎంలు, ట్యాలీ, కాటా సాఫ్ట్‌వేర్, ఇంకేవో. రెండు సర్వర్లు, ఒక్కోదానికి స్టాండర్డ్ మూడు సెట్లు, హైపర్-వీ (విండోస్‌లోనే వచ్చే హైపర్‌వైజర్) రెప్లికా, అంటే వీఎం కాపీ రెండో సర్వర్‌కు, ఐదు నిమిషాలకోసారి చాలని చెప్పాను. ఐదు నిమిషాల డేటా పోతే ఎట్లా అన్నారు. లారీ దిగినప్పుడు కాటా చీటీ డ్రైవర్ చేతిలో ఉంటుంది కదా, చూసి మళ్లీ ఎక్కించుకోండి అన్నాను.